బుధవారం కూడికలో పేరు లేని మనవి

మా అత్తగారు ఎవరి కోసమైనా ప్రార్థన చేయాలంటే ముందు వివరాలు అడిగేవారు. కాలు విరిగిందంటే కుడికాలా ఎడమకాలా, మోకాలికి పైనా కిందా, మెట్లెక్కే ఇల్లా కాదా, ఇవన్నీ తెలిస్తేగాని ఆవిడ కళ్ళు మూసుకునేవారు కాదు. స్త్రీల సమాజంలో పచ్చళ్ళు పట్టి అమ్మే ఒకావిడ ఉంది, నోరు ఊరుకోని మనిషి. "ఏ కాలో దేవుడికి తెలీదా ఏంటి టీచరుగారూ?" అని ఒకసారి నవ్వింది. "ఆయనకి తెలుసమ్మా. అడిగేదాన్ని నేను గదా, నాకు తెలియొద్దూ?" అన్నారు మా అత్తగారు. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. తెలియని విషయం గురించి నోరు విప్పడం ఆవిడ పద్ధతి కాదు.

నేను స్టాటిస్టిక్స్ చదువుకున్నాను. రాజమండ్రిలో, కోరుకొండ రోడ్డులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆ సబ్జెక్టే చెప్పేదాన్ని. ఇంచుమించు అన్న మాట నాకూ నచ్చదు. అత్తాకోడళ్ళకు పొత్తు కుదరడానికి అది చాలా సాయపడింది.

మా ఆయన ఇరిగేషన్ శాఖలో పనిచేసేవారు. ధవళేశ్వరం దిగువ కాలువల మీద డ్యూటీ. ఒక వానాకాలం పొద్దున వాన తెరిపిచ్చిందని వానకోటు ఇంట్లోనే వదిలి బండి మీద బయలుదేరారు. కాలువ గట్టు మలుపులో లారీ ఎదురొచ్చింది. ఆ వాక్యానికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు. వానకోటు వెనక వసారాలో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

మా సంఘంలో మరణం జరిగిన ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. అందరూ వచ్చి పాటలు పాడి, వాక్యం చదివి, ఒకరి తరవాత ఒకరు ప్రార్థన చేస్తారు. చివరి ప్రార్థన మా అత్తగారిని చేయమన్నారు పాస్టరమ్మగారు. ఆవిడ లేచి నిలబడ్డారు. నోరు తెరిచారు, మూశారు. నేను కరెంటు లేక ఆగిన ఫ్యాను రెక్కల మీది దుమ్మును చూస్తున్నాను. ఒక రెక్కకు ఎక్కువ పట్టింది. ఎందుకై ఉంటుందా అని ఆలోచించాను. చివరికి వెనకనుంచి ఎవరో "ఆమేన్" అన్నారు, అందరూ లేచారు.

ఆ రోజు నుంచి ఆవిడ పైకి ప్రార్థన చేయడం మానేశారు. బుధవారం కూడికకు మాత్రం తప్పకుండా వెళ్ళేవారు. నేనూ తోడుగా వెళ్ళేదాన్ని. "ఒక్క మాట చెప్పండి టీచరుగారూ" అని అందరూ బతిమాలేవారు, ఆవిడ తల అడ్డంగా ఊపేవారు. ఇంటికి వచ్చాక ఒకసారి నాతో అన్నారు: "వాడి సంగతంతా నాకు తెలుసు అమ్మాయ్. ఇంకేం కనుక్కుని అడగను?"

నేను కాలేజీ మానేశాను. పాఠం మరిచిపోయి కాదు. బోర్డు మీద సూత్రం రాసి వెనక్కి తిరిగితే, అన్ని ముఖాలు నా నుంచి తరవాతి మాట కోసం చూడటం భరించలేకపోయేదాన్ని. ఇంట్లో కూర్చుని చేసే పనిగా దొరికింది ఈ సర్వేల పని. ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాల వాళ్ళో మనుషుల ప్రవర్తన మీద పరిశోధనలు చేస్తూ ఉంటారు. వాళ్ళకు ప్రశ్నలకు జవాబులు చెప్పే మనుషులు కావాలి. మధ్యలో ఒక వెబ్‌సైటు ఉంటుంది. అందులో నమోదైతే అధ్యయనాలు వస్తాయి, పూర్తి చేస్తే పారితోషికం వస్తుంది. మన పని నచ్చకపోతే తిరస్కరిస్తారు. తిరస్కారాలు పెరిగితే కొత్త అధ్యయనాలు కనిపించడం మానేస్తాయి. అందువల్ల మాలో ఎవరూ వాళ్ళతో పేచీ పెట్టుకోరు.

నాకు ఆ పని సరిపోయింది. పరామర్శకు వచ్చిన వాళ్ళు అడిగే ప్రశ్నలకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆ తెర అడిగే ప్రశ్నలకు ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు ఉండేవి. గత వారంలో మీరు ఎంత విచారంగా ఉన్నారు? నాలుగు. ఎంత ఉత్సాహంగా ఉన్నారు? నాలుగు. అన్నిటికీ ఒకే అంకె పెడితే చదవకుండా నొక్కుతున్నామని అనుమానిస్తారని నాకు తెలుసు. అందుకని అక్కడక్కడా మూడు, అయిదు పెట్టేదాన్ని. నిజానికి అన్నీ నాలుగే.

ఆత్మీయులను పోగొట్టుకున్న వాళ్ళ కోసం ఒక అధ్యయనం వచ్చింది. ఈ మధ్య కాలంలో మీ ఇంట్లో ఎవరైనా మరణించారా అని అడిగితే అవును అని నొక్కాను, అర్హత వచ్చింది. నాలాంటి దుఃఖంలోనే ఉన్న మరొకరితో నన్ను జత చేస్తారట. ఇద్దరమూ కొన్ని వారాల పాటు, పేర్లు చెప్పుకోకుండా, ఒకరికొకరు రాసుకోవాలి. అంగీకార పత్రం చదివాను. అవి చదివే అలవాటు నాకు ఉంది. ఇందులో పాల్గొనడం వల్ల దైనందిన జీవితంలో ఎదురయ్యే వాటిని మించిన ప్రమాదం ఏదీ లేదని అందులో రాసి ఉంది. మా ఇంట్లో దైనందిన జీవితం అప్పుడు ఏ మట్టంలో ఉందో వాళ్ళు అడగలేదు. నేను సమ్మతి తెలిపాను.

మొదటి ఉత్తరంలో వానకోటు గురించి రాశాను. మేకుకు ఉన్నది ఉన్నట్టే ఉందనీ, తేమకు బూజు పడితే మా అత్తగారు దాన్ని తుడిచి, ఎండలో వేసి, సాయంత్రానికి మళ్ళీ అదే మేకుకు తగిలిస్తారనీ రాశాను. మా ఆయన గేటు తీసేటప్పుడు చిన్నగా దగ్గేవారని కూడా రాశాను. అలా రాయడం కష్టం కాలేదు. కొలతలు రాసినట్టు రాశాను.

జవాబు వచ్చిన మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని చదువుతున్నాను. మా అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. మా ఇంట్లో ఎవరికి ఉత్తరం వచ్చినా పైకి చదవడమే అలవాటు. ఫోన్లు వచ్చాకా అది పోలేదు.

"ఏంటది?"

"ఎవరో రాశారండి. ఏ దేశమో తెలీదు. వాళ్ళ బ్రదర్ పోయాడంట."

"అన్నా, తమ్ముడా?"

"రాయలేదండి. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే గదండి."

"అదేంటమ్మా! అన్నో తమ్ముడో చెప్పకుండా ఎలా ఏడుస్తారు వాళ్ళు?" అని చేట పక్కన పెట్టారు. "చదువు, వింటాను."

తెలుగులోకి మార్చి చదివాను. సోదరుడి చలికోటు ఇంకా వాళ్ళ నడవలో కొక్కేనికే వేలాడుతోంది. దాన్ని ఎవరూ తీయరు. వాళ్ళ అమ్మ అప్పుడప్పుడు దాన్ని దులిపి, మళ్ళీ ఆ కొక్కేనికే తగిలిస్తుంది. అతను ఇంటికి వచ్చినప్పుడు కాలింగ్ బెల్ గబగబా రెండుసార్లు నొక్కేవాడు. ఇప్పుడు ఎవరు బెల్ కొట్టినా రెండోది వినిపిస్తుందేమోనని ఆగుతారు.

నేను ఆ పోలికను గమనించాను. గమనించి పక్కన పెట్టాను. చచ్చిపోయిన మనిషి బట్టలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. చలిదేశంలో అది కోటే అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదని లెక్క చెప్పుకున్నాను. తర్కంలో తప్పు లేదు.

చివర్లో తెర మీద రెండేసి వలయాల బొమ్మలు వచ్చాయి. దూరంగా ఉన్నవి, తాకుతున్నవి, ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి.

"ఈ గుండ్రాలేంటి?"

"ఆ రాసినవాళ్ళూ నేనూ ఎంత దగ్గరగా ఉన్నట్టుందో చెప్పాలంటండి."

"మరి ఏది పెడతావు?"

"నాకేమీ అనిపించట్లేదండి."

"అనిపించనప్పుడు పెట్టడం దేనికి?"

"పెట్టకపోతే ముందుకెళ్ళదండి."

"బాగుంది వరస," అని చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. తరవాత తల ఎత్తకుండానే అన్నారు: "అన్నో తమ్ముడో కనుక్కో. ఆ తల్లికి ఇంకా పిల్లలున్నారేమో కూడా అడుగు. అన్నం తింటోందా లేదా, అది ముఖ్యం."

అడిగాను. తమ్ముడని, తల్లికి మిగిలింది తను ఒక్కడేనని, ఆవిడ కొద్దిగా తింటోందని వచ్చింది. మా అత్తగారికీ వేరే పిల్లలు లేరు. అంతకు ముందు ఉత్తరంలో నేనే ఆ సంగతి రాశాను. ఆ తరవాత ప్రతి ఉత్తరానికీ ఆవిడ నాకు ప్రశ్నలు ఇచ్చేవారు. వాళ్ళ ఇంటి దగ్గర చర్చి ఉందా, పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుంటున్నారా, రాత్రి దీపం ఆర్పుతారా. నేను వాటిని ఇంగ్లీషులో సర్ది పంపేదాన్ని.

ఒక బుధవారం కూడిక పచ్చళ్ళావిడ ఇంట్లో జరిగింది. పాస్టరమ్మగారు అలవాటు ప్రకారం మనవులు అడిగారు. ఒకరి మనవరాలి పరీక్షలు, ఒకరి బీపీ. అందరివీ అయ్యాక మా అత్తగారు లేచి నిలబడ్డారు.

"ప్రభువా, ఆ అబ్బాయి పేరు మాకు తెలీదు, ఊరు తెలీదు. వాడి తమ్ముడు పోయాడు. వాళ్ళమ్మకి ఇంక ఈ ఒక్కడే. ఆవిడ ఆ కోటు దులిపి దులిపి మళ్ళీ ఆ కొక్కేనికే తగిలిస్తోంది తండ్రీ. అది ఎప్పుడు తియ్యాలో ఆవిడకి తెలీట్లేదు. మేం చెప్తే వినదు. నువ్వే చెప్పు. తీసిన రోజున ఆవిడ చేతులు వణక్కుండా చూడు."

ఇంకా చాలాసేపు చేశారు. గొంతు మొదట బొంగురుగా ఉండి, తరవాత పూర్వంలా సాఫీ అయింది. పాస్టరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు. గోడ మీద ఫ్యాను రెగ్యులేటరుకు అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. నాకు ఏమీ అనిపించలేదు. అనిపించలేదని మాత్రం స్పష్టంగా తెలిసింది.

బయటికి వస్తుంటే పచ్చళ్ళావిడ మా అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మా మోకాళ్ళకి చెయ్యమంటే చెయ్యరు గాని, ఎక్కడో తెల్లోడి కోటుకి చేశారా టీచరుగారూ!"

"నీకు ఏ మోకాలో చెప్పు ముందు."

"రెండూనండీ బాబూ!"

ఆడవాళ్ళందరూ నవ్వారు. మా అత్తగారూ నవ్వారు. ఆ తరవాతి వారం ఆ రెండు మోకాళ్ళకూ విడివిడిగా ప్రార్థన చేశారు. ఇంట్లో భోజనం దగ్గర పైకి స్తుతి చెల్లించడం మళ్ళీ మొదలైంది. ప్రతి బుధవారం చివరి మనవి మాత్రం ఆ పేరు లేని అబ్బాయిదే. సమాజంలో అందరికీ అతను తెలిసిపోయాడు. ఎవరో ఒకరు దారిలో ఆపి, "ఆ అబ్బాయి ఎలా ఉన్నాడంట?" అని నన్ను అడిగేవారు.

అధ్యయనం ముగింపు పేజీ ఒక పగటిపూట వచ్చింది. పాల్గొన్నందుకు కృతజ్ఞతలు చెప్పి, దాచి ఉంచిన విషయం వెల్లడించారు. నా భాగస్వామి నిజమైన వ్యక్తి కాదు. నేను రాసిన వివరాలను తీసుకుని, కొద్దిగా మార్చి, ఒక ప్రోగ్రాము ఆ సందేశాలు తయారుచేసింది. తన అనుభవాన్ని పోలిన అనుభవం ఎదుటివారిలో కనిపిస్తే మనిషికి సాన్నిహిత్యం పెరుగుతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ముందే చెబితే ఫలితం మారిపోతుంది కనుక చెప్పలేదు. బాధ కలిగితే ఫోన్ చేయడానికి కొన్ని నంబర్లు ఇచ్చారు, అవి మన దేశంలో పనిచేసేవి కావు. నా సమాచారం వెనక్కి తీసుకోదలిస్తే గుర్తు పెట్టమని అడుగున ఒక చిన్న గడి ఉంది.

పేజీని రెండోసారి చదివాను. అధ్యయనం నిర్మాణం సరిగానే ఉంది. నా విద్యార్థి ఎవరైనా ఇలాంటిది రాసుకొస్తే మార్కులు వేసేదాన్ని. నేను ఒప్పుకున్నాను, నాకు పారితోషికం ఇచ్చారు, చివరికి నిజం చెప్పారు. మా అత్తగారు వసారాలో ఉన్నారు. ఆవిడ దేనికీ ఒప్పుకోలేదు. ఆవిడను ఎవరూ అడగలేదు.

పరిశోధకులకు రాశాను. ఫిర్యాదులా కనిపిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి ప్రశ్న మాత్రమే రాశాను: ఆ ఉత్తరాలు మా ఇంట్లో మరొకరు విన్నారు, నమ్మారు, ఆమెకు ఏం చెప్పాలి? మర్యాదగా జవాబిచ్చారు. జరిగినదానికి విచారిస్తున్నామని, అయితే ఆమె అధ్యయనంలో పాల్గొన్న వ్యక్తి కానందువల్ల ఆమె విషయంలో అనుసరించవలసిన విధానం తమ వద్ద లేదని రాశారు. నేను ఆ స్థానంలో ఉన్నా అంతకంటే మంచి జవాబు రాయగలిగేదాన్ని కాదు.

"ఈ వారం ఏం రాశాడు?" అన్నారు మా అత్తగారు.

"ఇంకా రాలేదండి."

అది అబద్ధం కాదు. కానీ ఆ సాయంత్రం లాప్‌టాప్ ముందు కూర్చుని నేనే ఒక ఉత్తరం మొదలుపెట్టాను. అమ్మ కోలుకుంటోంది. కోటు తీసి మడిచి పెట్టింది. మేము వేరే ఊరు వెళుతున్నాం, ఇక రాయడం కుదరదు. మీ మేలు మరువను. నాలుగు వాక్యాలూ తేలికగానే వచ్చాయి. ఆవిడ ఏ వివరాలు అడుగుతారో నాకు తెలుసు కాబట్టి వాటినీ చేర్చాను: కోటు తీసేటప్పుడు అమ్మ చేతులు వణకలేదని. అది రాశాక చెయ్యి ఆగింది. ప్రోగ్రాము చేసిన పని కంటే నేను చేస్తున్నది మెరుగ్గా ఉంది. నాకు ఆవిడ గురించి ఎక్కువ సమాచారం ఉంది. చివర్లో నిజం చెప్పే ముగింపు పేజీ మాత్రం నా దగ్గర లేదు.

చెబితే ఆవిడ మళ్ళీ నోరు మూసుకుంటారని తెలుసు. ఆ గొంతు ఒకసారి పోవడం చూశాను. అయినా ఆ ఉత్తరాన్ని చెరిపేసి, వసారాలోకి వెళ్ళాను. ఆవిడ దారంలో మల్లెమొగ్గలు గుచ్చుతున్నారు.

"అత్తయ్యగారండీ, ఆ ఉత్తరాలు రాసే అబ్బాయి లేడండి."

దారం ఆగింది. "పోయాడా?"

"కాదండి. మొదటినుంచీ లేడు. కంప్యూటరే రాసిందంట. పరీక్ష కోసం."

"తమ్ముడు?"

"లేడండి."

"వాళ్ళమ్మ?"

"ఆవిడా లేదండి."

ఆవిడ నా ముఖం వంక చూశారు. అక్కడ ఏమీ దొరికి ఉండదు. "మరి ఆ కోటు సంగతి కంప్యూటరుకి ఎలా తెలుసు?"

"నేను రాశానండి. మన వానకోటు గురించి. అదే తిప్పి పంపింది."

మేకు వైపు తల తిప్పారు. "అంటే అన్ని వారాలూ నేను అడిగింది..." అని ఆగిపోయారు.

"మనం రాసింది వాళ్ళ దగ్గరే ఉంటుందా?" అన్నారు చివరికి.

"తీసెయ్యమంటే తీసేస్తారండి."

"తీసెయ్యమను. అది మనింటిది."

గడిలో గుర్తు పెట్టాను. మీ సమాచారం తొలగించబడింది, మీ పారితోషికంలో ఏ మార్పూ ఉండదు అని వచ్చింది. వాళ్ళ పట్టికలో ఒక వరుస తగ్గి ఉంటుంది.

ఆ బుధవారం కూడికకు రారేమో అనుకున్నాను. వచ్చారు. మనవులన్నీ అయ్యాక పాస్టరమ్మగారు మా అత్తగారి వైపు తిరిగారు. "టీచరుగారూ, మన అబ్బాయి సంగతేంటి?"

ఆవిడ కూర్చునే జవాబిచ్చారు. "ఇంక అక్కర్లేదమ్మా."

"కోలుకున్నాడా అండీ?" అంది పచ్చళ్ళావిడ.

మా అత్తగారు తల ఊపలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని వాళ్ళు తమకు తెలిసిన విధంగా అర్థం చేసుకున్నారు. ఎవరో "దేవునికి స్తోత్రం" అన్నారు. పచ్చళ్ళావిడ చప్పట్లు అందుకుంది. "చూశారా, మన ప్రార్థన ఎంత దూరం వెళ్ళిందో!" అని గదంతా కలకలలాడింది. కృతజ్ఞతాగీతం ఎత్తుకున్నారు. నేను మా అత్తగారి పక్కన కూర్చుని పాట పుస్తకం పట్టుకున్నాను. ఆవిడ పెదాలు కదలలేదు. నావీ కదలలేదు.

పాట అయ్యాక ముగింపు ప్రార్థన ఆవిడనే చేయమన్నారు. తల అడ్డంగా ఊపారు. సంతోషంతో గొంతు పెగలట్లేదని పాస్టరమ్మగారు అందరికీ చెప్పి, తానే ప్రార్థన చేశారు.

దారిలో కాలువ వంతెన దాటేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడూ పట్టుకుంటాను, అక్కడ రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి. "వాళ్ళకి చెప్పకు," అన్నారు. "చెప్పనండి," అన్నాను. అంతకు మించి ఆ విషయం మేము మాట్లాడుకోలేదు.

ఈ ఏడు వానలు తొందరగా మొదలయ్యాయి. వానకోటు కాలరు మీద తెల్లగా బూజు వచ్చింది. మా అత్తగారు దాన్ని చూశారు. చూసి, పక్కనుంచి నడిచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆవిడ దాన్ని తుడవలేదు, తీసేయనూ లేదు. భోజనం దగ్గర స్తుతి మళ్ళీ మనసులోనే.

వాన తెరిపిచ్చిన పూట నేను కోటు దింపి, తడిగుడ్డతో తుడిచి, పెరట్లో తాడు మీద వేశాను. సాయంత్రానికి ఆరింది. తెచ్చి మళ్ళీ ఆ మేకుకే తగిలించాను.